చివరి ఇంటి లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో తండాల ఆరోగ్యమును గూర్చి చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున పుస్తకములను గూర్చి మాటలాడుట పరిపాటి. కాని పుస్తకము తెరచుటకు కన్నులలో వెలుగును, కూర్చుండి చదువుటకు నడుమున బలమును ఉండవలయును. ఆరోగ్యము లేనిచోట విద్య నిలువదు. అందుచేత నేటి ప్రసంగమునకు ఆరోగ్యమే విషయముగ నిర్ణయింపబడినది. అందును ఊరి శివారున, పొలిమేర కావల నున్న తండాల ఆరోగ్యమును గూర్చి ముఖ్యముగ విచారింపవలసియున్నది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో కాలువ నెరుగని రైతు లేడు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన పునాదిరాయి పడినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ నీటితో మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు పెరిగినవి. హుజూర్‌నగరు, కోదాడ పొలములు పచ్చబడినవి. ఆ కాలువయే ఒక పాఠమును గూడ నేర్పినది. తూములన్నియు తెరచియే యుండును. ఐనను పైభూములు తడిసి మిగిలిన నీరే చివరి భూములకు చేరును. కొన్ని యేండ్లు చేరనే చేరదు. ఆ చివరి రైతు సోమరియని గాని, అతని నేల చెడ్డదని గాని తెలిసినవాడెవడును అనడు. అతని పొలము చివర నున్నది, అంతియే. అందుకే వారబందీ పద్ధతి పెట్టి, పైవారికి కొన్నాళ్లు నీరాపి, చివరి భూములకు వంతు నిర్ణయించిరి. అందరికి ఒకే కాలువ యుండుట సమానత్వము. చివరి మడికి నీరందుట న్యాయము. వైద్యమునకును ఇదియే వర్తించును. ఆసుపత్రి తలుపు అందరికి తెరచియే యున్నది గదా యనువారు, తూము తెరచియే యున్నది గదా యను పైభూమి రైతువలె మాటలాడుచున్నారు.

ఈ ప్రాంతపు తండాలలో నున్నవారు లంబాడీలు. వీరినే బంజారాలనియు, సుగాలీలనియు నందురు. వారు తమ్ము తాము గోర్ అని చెప్పుకొందురు. వీరి పూర్వులు ఎద్దుల మందలపై ఉప్పును, ధాన్యమును వేసికొని దక్కను దేశమంతయు తిరిగినవారు. మొగలాయి దండులకు తిండిగింజలు మోసినవి వీరి యెద్దులే. బాటలు పడి రైళ్లు నడచిన పిదప ఆ వ్యాపారము క్షీణించినది. పశువులకు మేత దొరకుచోట్ల, ఊళ్లకు ఎడముగ, తండాలు కట్టుకొని వారు స్థిరపడిరి. నాడు పశువుల మేలు కోరి యెన్నుకొన్న ఆ యెడమే నేడు మనుష్యుల ఆరోగ్యమునకు అడ్డమైనది.

ఎడమునకు తోడు నింద యొకటి. ఆంగ్లేయ ప్రభుత్వము 1871లో చేసిన చట్టము సంచారజాతులలో పెక్కింటికి పుట్టుకతోనే నేరస్థులను ముద్ర వేసినది. స్వతంత్ర భారతమున 1952లో ఆ చట్టము రద్దైనను, చట్టము పోయినంత త్వరగ మచ్చ పోదు. తెలంగాణమునందలి లంబాడీలను షెడ్యూల్డు తెగలలో చేర్చిన చట్టము 1976లో వచ్చినది. ఈ జాతివారే కర్ణాటకమున షెడ్యూల్డు కులములలోను, మహారాష్ట్రమున విముక్త జాతులలోను లెక్కింపబడుచున్నారు. మనుష్యులు ఒక్కరే, లెక్కలు మూడు.

లెక్కలోని అసలు చిక్కు ఇకముందున్నది. గిరిజనుల వైద్యమునకై ప్రభుత్వము పెట్టిన నియమములు మంచివే. మైదాన ప్రాంతమున 5,000 జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రము. గిరిజన ప్రాంతములందును, కొండ ప్రాంతములందును 3,000కే ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము మైదానమున 30,000కు ఒకటి. అక్కడ 20,000కు ఒకటి. ఉట్నూరు, ఏటూరునాగారము, భద్రాచలములలో గిరిజనాభివృద్ధి సంస్థలున్నవి. నల్లమల చెంచులకు ప్రత్యేకముగ వేరొకటి కలదు. ఈ యేర్పాటులలో ముఖ్యమైనవి రాజ్యాంగము ఐదవ షెడ్యూలు క్రిందికి వచ్చు ప్రాంతములను ఆధారము చేసికొన్నవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మైదానములు. షెడ్యూల్డు ప్రాంతములు కావు. కనుక ఇక్కడి లంబాడీ గిరిజనుడే. అతని తండా మాత్రము గిరిజన ప్రాంతము కాదు. ధ్రువపత్రమునందున్న మాట పటమునందు లేదు.

ఇది మూడు పట్టణముల పరిసరములకే పరిమితమైన చిక్కు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున షెడ్యూల్డు తెగలవారు 10 కోట్ల 40 లక్షలు. కేంద్ర ప్రభుత్వము 2013లో డాక్టరు అభయ్ బంగ్ అధ్యక్షతన నియమించిన నిపుణుల సంఘపు నివేదిక 2018లో వెలువడినది. గిరిజనులలో సగమునకు పైబడినవారు గిరిజనాధిక్యముగల బ్లాకుల వెలుపలనే నివసించుచున్నారని ఆ సంఘము తేల్చినది. అనగా అడవులను, కొండలను దృష్టియందుంచుకొని చేసిన ఏర్పాటు, గిరిజనులలో పెద్దపాలునకు చేరుట లేదు.

ఒక చిన్న గణితము చూడుడు. తండాకు 400 మంది యనుకొందము. 5,000కు ఒక ఉపకేంద్రమైనచో, ఒక్క నర్సమ్మ పండ్రెండు తండాలకు మించి చూడవలయును. 3,000కు ఒకటియైనచో ఏడెనిమిది చాలును. దినమునకొక తండా చొప్పున తిరిగినను, మొదటి లెక్కలో ఒక గర్భిణిని మరల చూచుటకు రమారమి రెండు వారములు పట్టును. రెండవ లెక్కలో వారము పైచిలుకు. వాననాళ్లు, సెలవులు, వ్రాతకోతలు తీసివేసిన పిమ్మట ఎంత మిగులునో మీరే యూహింపగలరు. ఆ వారము దినముల భేదములోనే రక్తపుపోటు పెరుగవచ్చును. కాళ్లకు నీరు పట్టవచ్చును. చూచువారు లేక ప్రాణమే పోవచ్చును.

ఫలితము అంకెలలో కనబడుచున్నది. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 35 మంది ఏడాది నిండకుండ మరణించుచుండగా, షెడ్యూల్డు తెగలలో ఆ సంఖ్య 42. అయిదేండ్లలోపు మరణములు దేశమంతట వేయికి 42. షెడ్యూల్డు తెగలలో 50. వేయికి ఎనిమిదియే గదా యని తలపరాదు. ఆ యెనిమిదిమంది రోగము క్రొత్తది కాదు, మందు లేనిదియు కాదు. వారు చివరి ఇంటిలో పుట్టిరి.

చికిత్సకు నాలుగు పాదములని చరకసంహిత సూత్రస్థానము చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. నాలుగును కుదిరిననే చికిత్స నడచును. తండా విషయమున ఒక్కొక్క పాదమును పరీక్షింతము.

మొదటిది వైద్యుడు. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా యేర్పడినది. 2019లో సూర్యాపేటయందును, నల్లగొండయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. పూర్వము హైదరాబాదునకు గాని, విజయవాడకు గాని పోవలసిన రోగికి ఇది గొప్ప మేలు. 2005 ఆగస్టు 15న 108 వాహనములు మొదలైనవి. వైద్యుడు దగ్గరకు వచ్చినాడు, నిజమే. మిగిలినది చివరి మైలు. మనుచరిత్రమున సిద్ధుడు ప్రవరునకు పాదలేపము నిచ్చెను. ఆ పసరు పూసికొని అతడు హిమాలయము చేరెను గాని, మంచునకు అది కరగిపోగా మరలి వచ్చు దారి తోచలేదు. 108 బండియు అట్టి పాదలేపమే. తారుబాట యున్నంతవరకు రివ్వున వచ్చును. రేగడి నేలలో వానకు బాట కరగిననాడు పొలిమేరలోనే ఆగును. ప్రవరునకు అగ్నిదేవుడు తోడ్పడెను. నొప్పులు పడు తల్లికి మంచము మోయు నలుగురే తోడు.

రెండవది ఔషధము. ప్రభుత్వాసుపత్రిలో మందునకు వెల లేదు. కాని మందు తెచ్చుకొను దినమునకు వెల కలదు. మిరపకోత, పత్తితీత రోజులలో ఒక దినము పోయినచో ఒకరి కూలి పోవును; తోడు వచ్చిన వారిది మరియొక కూలి; ఆటో బాడుగ వేరు. రక్తపుపోటునకును, చక్కెర వ్యాధికిని మందు నెలనెల తెచ్చుకొనవలయును. క్షయకు సాధారణముగ ఆరునెలలు విడువక వాడవలయును. తండావారిలో పెక్కురు పనులు లేని కాలమున కూలికై పట్టణములకు పోవుదురు. వారి పేరు ఒక ఊరి పుస్తకమునందుండును. వారు మరియొక ఊరిలో నుందురు. మందు నడుమ ఆగినచో రోగిది నిర్లక్ష్యమని వ్రాయుట సులభము. ఆకలికి ఊరు విడిచినవాని వెంట మందుచీటి నడచునట్లు చేయుట కష్టము. అయినను చేయవలసినది అదియే.

మూడవది పరిచారకుడు. 2005లో జాతీయ గ్రామీణారోగ్య పథకముతో ఆశా కార్యకర్తలు వచ్చిరి. తండా బిడ్డయే ఆశాగ నున్నచోట సగము పని తానై జరుగును. ఏ ఇంట పసిబిడ్డ పాలు త్రాగుట లేదో, ఏ కోడలు కడుపుతోనున్న మాట దాచుచున్నదో ఆమెకు చెప్పనక్కరలేదు. ఊరినుండి వచ్చు పరిచారకురాలు ఎంత మంచిదైనను, ఆమెకు గడప దాక స్వాగతము. ఈమెకు పొయ్యి దాక.

నాలుగవది రోగి. రోగికి ఉండవలసిన గుణములలో, తన బాధను తెలియజెప్పగల నేర్పు ఒకటియని చరకసంహిత చెప్పుచున్నది. లంబాడీల మాట గోర్ బోలి. అది ఉత్తరదేశపు రాజస్థానీకి చుట్టము; తనకంటూ లిపి లేదు. తల్లిని యాడి యందురు. పడుచువారికి తెలుగు చక్కగ వచ్చును. వయసు మళ్లిన ఆడువారిలో పెక్కురకు అంగడి తెలుగు వచ్చునే గాని రోగము చెప్పుకొను తెలుగు రాదు. కడుపులో నొప్పియనుట వేరు. ఆ నొప్పి పొడుచుచున్నదా, మండుచున్నదా, మెలిపెట్టుచున్నదా, ఏ వేళ వచ్చుచున్నదో చెప్పుట వేరు. కొడుకును దుబాసిగ నిలిపినచో స్త్రీరోగమును గూర్చి ఏ తల్లి నోరు విప్పును? అప్పుడు రోగికి నేర్పు లేదనుట అన్యాయము. వినువానికి చెవి లేదు. వైద్యుడు పది మాటలు గోర్ బోలిలో నేర్చినను, యాడీ యని పిలిచి కూర్చుండబెట్టినను, ఆ నాలుగవ పాదము నేలకు ఆనును.

తండాల లోపములను దాచుట స్నేహము కాదు. చిన్ననాటి పెండ్లిండ్లు, గుడుంబా, మగబిడ్డకై వరుస కాన్పులు తల్లుల బలమును హరించినవి. 1999లోను, 2001లోను పాత నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు తండాలనుండి ఆడశిశువులను దత్తతల పేరిట అమ్మిన వార్తలు దేశమంతట వినబడినవి. నాడు అందరును తల్లులను నిందించిరి. పేదరికమును, కట్నపు భయమును, వరుస కాన్పులను, నడుమ నున్న దళారులను లెక్కించినవారు కొందరే. ఆ తల్లుల యింటికి గర్భము దాల్చిన నాడే ఎవరైన పోయియుండినచో, బిడ్డ పుట్టిన పిదప దళారి వచ్చియుండెడివాడా యనునది ఆలోచింపవలసిన ప్రశ్న.

లోపమున్నచోటనే వివేకమును గూడ చూడవలయును. ఆషాఢమాసమున తండాలలో సీత్లా పండుగ జరుగును. పశువులకును, పిల్లలకును జాడ్యములు రాకుండ తల్లిని వేడుకొందురు. రోగము ఒక్క ఇంటిది కాదు, తండా అంతటిదియను జ్ఞానము ఆ పండుగలో నున్నది. ఊళ్లలో పోచమ్మకు బోనమెత్తుటయు అట్టిదే. ఆ జ్ఞానమును గౌరవించి, టీకా మందును దానిప్రక్కన నిలిపినవారు గెలిచిరి. హేళన చేసినవారు వట్టిచేతులతో మరలిరి.

ఆ తల్లిపేరిట జనులు భయపడిన మశూచి యెట్లు పోయినదో జ్ఞాపకము చేసికొనవలయును. పట్టణములలో టీకాలు వేసినంతకాలము అది పోలేదు. 1974, 75 సంవత్సరములలో ఇంటింటికి, గుడిసె గుడిసెకు వెదకి, రోగి కనబడిన చోట చుట్టునున్న వారందరికి టీకా వేసిరి. 1975 మే మాసము తరువాత దేశమున మశూచి సోకినవారు లేరు. 1980లో లోకమంతటనుండి తొలగినదని ప్రకటించిరి. నారికురుపు కథయు ఇట్టిదే. దిగుడుబావి నీటిలో దిగినవారి కాలిపుండునుండి ఆ పురుగు నీటిలోనికి, నీటినుండి త్రాగినవారి కడుపులోనికి పోవుచుండెడిది. ఊరూర రోగులను వెదకి, దిగుడుబావులను మార్చి, నీరు వడబోసి త్రాగుట నేర్పగా 1996తో దేశమున ఆ రోగము ఆఖరైనది. 2000లో దేశము దానినుండి ముక్తి పొందినట్లు గుర్తింపు వచ్చినది. పోలియో విషయమున ఇటుకబట్టీలను, కట్టడముల వద్ద కూలివారి గుడిసెలను, సంచారుల డేరాలను గూడ పట్టికలో వ్రాసి, ఇంటి గోడపై సుద్దతో గురుతు పెట్టిరి. 2011 జనవరి తరువాత సహజ పోలియో వైరసు సోకిన క్రొత్త రోగి లేడు; 2014 మార్చి 27న ధ్రువీకరణము లభించినది.

ఈ మూటినుండి తేలు సత్యమొక్కటి. చివరి గుడిసెను లెక్కించిన చోట రోగము పూర్తిగ పోయినది. ఊరి నడుమనుండి లెక్క మొదలుపెట్టి, ఓపిక అయినచోట ఆపిన ప్రతి పనిలోను రోగము మిగిలినది. మిగిలినది ఎక్కడ? ఓపిక ఆగిన చోట; అనగా తండాలో.

లోకము ఈ సత్యమును ఆలస్యముగనైనను గ్రహించుచున్నది. 1978లో ఆల్మా ఆటా నగరమున పెక్కు దేశములు కూడి, అందరికి ఆరోగ్యమను సంకల్పము చెప్పుకొన్నవి. 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటన చేసినది. తమ సంప్రదాయ వైద్యమును నిలుపుకొను హక్కును, వివక్ష లేక వైద్యసేవలన్నిటిని పొందు హక్కును అందు చేర్చినది. 2023లో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఆదివాసుల ఆరోగ్యమును గూర్చి ప్రత్యేక తీర్మానము చేసినది. తీర్మానములు పైకాలువ వంటివి. మడికి నీరు కట్టుట ఊరివారి పని.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము 2018లో వచ్చి, 500 జనాభాకు పైబడిన తండాలను గ్రామ పంచాయతీలుగ జేసినది. ఇంతకాలము శివారుగ నున్న తండా తన పేరు తానే వ్రాసికొను గ్రామమైనది. ఇది వైద్యమునకు గూడ మంచి యవకాశము. సర్పంచి తండావాడే యైనప్పుడు, వానలకు ముందు ఏ బాటకు మొరము పోయవలయునో వేరొకరు చెప్పనక్కరలేదు. ఐనను 500కు తక్కువగ నున్న తండాలు ఇంకను పెద్ద ఊళ్ల చివరనే యున్నవి. చివరివారిలో చివరివారు వీరే.

గ్రంథాలయము చేయవలసిన పని యేమి? 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణముగారు పడవపై గ్రంథాలయమును నడిపించిరి. చదువరి వచ్చువరకు పుస్తకము కూర్చుండరాదు, పుస్తకమే చదువరికడకు పోవలయునని ఆయన చూపిరి. వైద్యమునకును అదే మార్గము. గ్రంథాలయమున ఊరి పటము ఒకటి గోడకు తగిలింపవలయును. అందు ప్రతి తండా పేరు, ఉపకేంద్రమునకు గల దూరము, వానకాలమున తెగు వాగులు గుర్తింపవలయును. ఆసుపత్రికి పోవు దినమున రెండు భాషలు తెలిసిన ఒక పడుచుపిల్ల తోడుపోవు ఏర్పాటు చేయవలయును. మందుచీటి చదివి చెప్పుట, టీకాల తేదీ గుర్తుచేయుట, ప్రభుత్వ పథకముల కాగితములు వ్రాసిపెట్టుట పాఠకులకు సాధ్యమైన పనులే. గర్భిణుల, రోగుల వివరములు మాత్రము ఆశా పుస్తకమునందే యుండవలయును; ఊరి రచ్చకెక్కరాదు. వీటన్నిటికంటె ముందు, గ్రంథాలయ సంఘమున తండావారికి చోటుండవలయును. వారికి ఏమి కావలయునో వారే చెప్పనిది ఏ పటమును పూర్తి కాదు.

లెక్కలు కట్టువారికి ఒక అలవాటు కలదు. కూడిక సరిచూచునప్పుడు క్రిందినుండి పైకి మరల కూడుదురు. పైనుండి వచ్చిన మొత్తమును, క్రిందినుండి వచ్చిన మొత్తమును కలిసిననే పద్దు నిజము. ఆరోగ్యపు పద్దు ఇంతకాలము పైనుండి మాత్రమే కూడబడినది. ఇకముందు చివరి తండా చివరి ఇంటినుండి కూడి చూడవలయును. తేడా వచ్చినచో, ఆ తేడా ఒక తల్లియో, ఒక బిడ్డయో యని తెలిసికొని దిద్దవలయును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, తండాలో పుట్టిన బిడ్డకును ఊరి నడుమ పుట్టిన బిడ్డకును ఆయువులో తేడా లేదని ఆనాటి సంచికలో వ్రాయగల భాగ్యము కలుగుగాక!